తాళం తిప్పగానే వెలిగే రెండు దీపాలు

మా పెదనాన్న అంబాసిడర్‌లో ముందు సీటు పిల్లలకు వంతులవారీగా దక్కేది. ఆ సీటుతోపాటు ఒక ఉద్యోగం కూడా ఉండేది. ఆయన తాళం ఒక మెట్టు తిప్పి, సెల్ఫ్ జోలికి పోకుండా ఆగి, "వచ్చాయా?" అని అడిగేవారు. డ్యాష్‌బోర్డు డయల్లో శనగగింజంత దీపాలు రెండు వెలగాలి. "రెండూ వచ్చాయి పెదనాన్నా" అంటేనే సెల్ఫ్ కొట్టేవారు. ఇంజన్ అందుకోగానే రెండో ప్రశ్న: "పోయాయా?" పోయాయని చెప్పాకే గేరు పడేది. మార్కాపురం సందులో నుంచి బయటపడేటప్పుడైనా, దోర్నాల దాటి నల్లమలలో శ్రీశైలం ఘాట్ ఎక్కబోయే ముందైనా ఈ రెండు ప్రశ్నలూ తప్పేవి కావు.

ఆ దీపాల వైర్లు ఎక్కణ్ణించి ఎక్కడికి పోతాయో పెద్దయ్యాక తెలుసుకున్నాను. అప్పుడు అర్థమైంది, ఆ రెండు ప్రశ్నల్లో మొదటిది ఎంత బరువైనదో. బండి నడిపేవాళ్ళు సాధారణంగా రెండోదే చూసుకుంటారు. దీపం ఆరింది, అంతా బాగుంది, పోదాం పద అంటారు. అసలు వెలగని దీపం ఆరిందని ఎలా తెలుస్తుంది?

ఇప్పటి కార్లలో దీపం వెలిగిందంటే వెనక ఒక కంప్యూటర్ లెక్కలు కట్టి, ఏదో తేడా ఉందని నిర్ణయించి వెలిగించిందన్నమాట. 1950ల చివర్లో కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో తయారవడం మొదలుపెట్టి 2014 మే దాకా వచ్చిన అంబాసిడర్‌కు గానీ, బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్ 1100కు, దాని వారసురాలు ప్రీమియర్ పద్మినికి గానీ మొదటి దశాబ్దాల్లో అలాంటి మెదడు లేదు. బల్బు, దానికి ఒక వైపు బ్యాటరీ కరెంటు, రెండో వైపు ఇంజన్ మీద ఎక్కడో ఒక చోటుకు పోయే వైరు, అంతే. తప్పు జరిగిందని ఆ దీపానికి తెలియదు. తన రెండు కొసల మధ్య వోల్టేజి తేడా ఉంటే వెలుగుతుంది, లేకపోతే వెలగదు. అందుకే పాత కారు దీపాన్ని చదవాలంటే బొమ్మ చూసి అర్థం గుర్తుపెట్టుకుంటే చాలదు. ఆ రెండో కొస ఎక్కడుందో తెలియాలి.

ముందు తేలికైనది, ఆయిల్ దీపం చూద్దాం. కొన్ని మోడళ్ళలో దీని బదులు ముల్లు ఉన్న గేజు ఉండేది. దీపం ఉన్న బండ్లలో దాని వైరు ఇంజన్ బ్లాకుకు బిగించిన బొటనవేలంత స్విచ్ దగ్గరికి పోతుంది. స్విచ్ లోపల ఒక పల్చటి పొర, దాన్ని నొక్కిపట్టే స్ప్రింగు ఉంటాయి. ఆయిల్ ఒత్తిడి లేనప్పుడు స్ప్రింగు గెలిచి కాంటాక్టులు కలుస్తాయి, వైరు ఎర్త్ అవుతుంది, దీపం వెలుగుతుంది. ఇంజన్ తిరిగి ఆయిల్ పంపు ఒత్తిడి పుట్టించగానే పొర పైకి పొంగి కాంటాక్టులు విడిపోతాయి, దీపం ఆరుతుంది.

ఈ ఏర్పాటును ఒకసారి రైలు సిగ్నల్ పక్కన పెట్టి చూడండి. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ పట్టాల్లోనే సన్నటి కరెంటు పారించి, ఆ కరెంటు అందుతున్నంతసేపే దారి ఖాళీ అని చెప్పే ట్రాక్ సర్క్యూట్‌కు పేటెంటు తీసుకున్నాడు. రైలు వచ్చి పట్టాలను కలిపేసినా, వైరు తెగినా, బ్యాటరీ చచ్చినా కరెంటు అందదు, సిగ్నల్ ప్రమాదం చూపిస్తుంది. ఏది పాడైనా మొగ్గు జాగ్రత్త వైపే. మన ఆయిల్ దీపం దీనికి సరిగ్గా తలకిందులు. వైరు తెగితే చీకటి. బల్బు మాడితే చీకటి. స్విచ్ కాంటాక్టులకు మురికి పడితే చీకటి. అంతా సవ్యంగా ఉన్నా చీకటే. క్షేమానికీ గుడ్డితనానికీ ఒకటే ముఖం అన్నమాట. ఆ రెంటినీ విడదీసి చూసే అవకాశం ఒక్క క్షణమే దొరుకుతుంది: తాళం తిప్పాక, ఇంజన్ తిరగక ముందు. ఆయిల్ ఒత్తిడి కచ్చితంగా సున్నా అని మనకు ముందే తెలిసిన క్షణం అది. అప్పుడు వెలిగిన దీపానికే తర్వాత ఆరిపోతే విలువ. పెదనాన్న అడిగిన మొదటి ప్రశ్న అదే.

ఇక రెండో దీపం, ఎర్రది, చార్జింగ్‌ది. నాకు మొత్తం కారులో ఇంతకంటే ఇష్టమైన సర్క్యూట్ లేదు. ఇది త్రాసు లాంటిది. దీని ఒక కొస ఇగ్నిషన్ స్విచ్ ద్వారా బ్యాటరీకి, రెండో కొస డైనమోకు తగిలి ఉంటాయి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు డైనమో ఉత్త రాగి తీగల చుట్ట, దానిలో నుంచి ఎర్త్‌కు దారి ఉంటుంది. బ్యాటరీ నుంచి కరెంటు బల్బులో నుంచి పారి డైనమో మీదుగా బాడీలోకి పోతుంది, దీపం నిండుగా వెలుగుతుంది. ఇంజన్ తిరిగాక డైనమో తన వోల్టేజి పుట్టిస్తుంది. అది బ్యాటరీ స్థాయికి చేరేకొద్దీ త్రాసు తూగుతుంది, దీపం మసకబారుతుంది. రెండూ సమానమయ్యాక పారడానికి తేడా ఏమీ మిగలదు, ఆరిపోతుంది.

ఈ కథలో ఇంకో పాత్ర ఉంది. డైనమో నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దాని వోల్టేజి బ్యాటరీ కంటే తక్కువ. రెంటినీ నేరుగా కలిపి ఉంచితే బ్యాటరీయే డైనమోలోకి కరెంటు తోసి దాన్ని మోటారులా తిప్పాలని చూస్తుంది, రాత్రికి రాత్రే డౌనవుతుంది. అందుకని మధ్యలో ఒక అయస్కాంత తలుపు పెట్టారు. ఆ తలుపు ఒక నల్ల డబ్బాలో ఉంటుంది. మన మెకానిక్‌లు ఆ డబ్బా మొత్తాన్నీ కటౌట్ అనే పిలుస్తారు గానీ, దాని లోపల రెండు కాయిళ్ళు ఉంటాయి: ఒకటి వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్, రెండోది అసలు కటౌట్. లూకాస్ కంపెనీ డైనమోలతో వచ్చిన డబ్బాల్లో ఈ కటౌట్ సుమారు 13 వోల్టుల దగ్గర టక్కున మూసుకుని డైనమోను బ్యాటరీకి కలుపుతుంది. గమనించండి, దీపం రెండు కొసలూ ఈ తలుపుకు అటూ ఇటూ ఉన్నాయి. తలుపు మూసుకున్నప్పుడు ఆ కొసలు ఒకటైపోతాయి. దీపం ఆరడం వెనక ఉన్న అసలు మెలిక ఇదే.

ఈ మెలిక తెలిస్తే ఆ చిన్న ఎర్ర చుక్క చాలా మాటలు చెబుతుంది. న్యూట్రల్‌లో, హెడ్‌లైట్లు వేసి, రైల్వే గేటు దగ్గర ఆగి ఉన్నప్పుడు అది ఊపిరి పీల్చి వదిలినట్టు మినుకుమంటే కంగారు పడనక్కర్లేదు. పాత డైనమో ఆ వేగంలో అంత కరెంటు ఇవ్వలేదు, కాస్త యాక్సిలరేటర్ తొక్కితే ఆరిపోతుంది. వేగం పెంచినా నిండుగా వెలుగుతూనే ఉంటే డైనమో ఏమీ పుట్టించడం లేదు: బెల్టు తెగి ఉండాలి, కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండాలి, లేదా ఆర్మేచర్ పోయి ఉండాలి. వేగంగా పోతున్నప్పుడు చీకట్లో మాత్రమే కనబడేంత మసగ్గా ఎర్రబడితే కటౌట్ కాంటాక్టులకు మురికి పట్టిందని అనుమానించాలి. తలుపు మూసుకుంది గానీ పూర్తిగా అతుక్కోలేదు, ఆ సందులో కొద్దిపాటి వోల్టేజి మిగిలి బల్బును గిల్లుతోంది.

అన్నిటికంటే చిత్రమైన లక్షణం ఇంకొకటి. ఇంజన్ వేగం పెంచుతుంటే దీపం మసకబారి, ఆరిపోయి, ఇంకా పెంచితే మళ్ళీ వెలుగుతుంది. కొత్తవాళ్ళు డైనమో పోయిందని తీసి పక్కన పెడతారు. డైనమో నిక్షేపంగా ఉంది! తలుపు మూసుకోవడం లేదు, అదీ విషయం. బరువు మోయాల్సిన పని లేక డైనమో వోల్టేజి రెగ్యులేటర్ అనుమతించిన 16 వోల్టుల దాకా ఎక్కుతుంది. ఇటువైపు బ్యాటరీ 12 దగ్గరే ఉంది. త్రాసు ఈసారి అటువైపు మొగ్గింది. కరెంటు ఎటు పారినా ఫిలమెంట్ బల్బుకు ఒకటే కాబట్టి ఆ నాలుగు వోల్టుల తేడాకు మసగ్గా వెలుగుతుంది. ఒక్క దీపాన్ని కళ్ళప్పగించి చూస్తే, బానెట్ ఎత్తకుండానే తప్పు డైనమోలో ఉందా డబ్బాలో ఉందా తేలిపోతుంది. ఇది చూపించిన మెకానిక్‌కు నేను మనసులో ఇప్పటికీ నమస్కారం పెట్టుకుంటాను.

దీపం చెప్పలేనిదీ ఉంది. డబ్బా నుంచి బ్యాటరీకి పోయే వైరు కొస తుప్పుపట్టి ఉంటే డైనమో బాగానే పనిచేస్తుంది, దీపం ఆరే ఉంటుంది, బ్యాటరీకి మాత్రం సరిగా చేరదు. అందుకే అనుమానం వచ్చినప్పుడు వోల్ట్‌మీటర్ పెట్టి బ్యాటరీ దగ్గరే కొలవాలి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 చూపిస్తుంది. ఇంజన్ మధ్య వేగంలో ఉన్నప్పుడు 13.5కు పైన రావాలి.

ఎర్ర దీపం విషయంలో ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు ఒకటుంది. "చార్జింగే కదా, బ్యాటరీలో ఉన్న కరెంటుతో ఊరు చేరిపోవచ్చు" అనుకోవడం. పగటిపూట, హెడ్‌లైట్లు లేకుండా, ఇగ్నిషన్ ఒక్కటే నడవాలంటే మంచి బ్యాటరీ చాలా దూరమే లాగుతుంది, నిజమే. కానీ డైనమోను తిప్పే బెల్టే రేడియేటర్ ఫ్యాన్‌నీ వాటర్ పంపునూ తిప్పుతుంది. అంబాసిడర్ ఇంజన్ అంతే, ఫియట్ ఇంజన్ అంతే. బెల్టు తెగినప్పుడు నీళ్ళు వేడెక్కడానికి కొద్ది నిమిషాలు పడుతుంది, ఎర్ర దీపం మాత్రం క్షణంలో వెలుగుతుంది. టెంపరేచర్ ముల్లు ఇంకా మధ్యలోనే ఉండగా వచ్చే మొదటి కబురు ఇదే. ఘాట్ ఎక్కుతూ సెకండ్ గేరులో ఇంజన్ మూలుగుతున్నప్పుడు ఈ దీపం వెలిగితే బండి పక్కకు తీసి, ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి బెల్టు ఉందో లేదో చూడాలి. బెల్టు ఉంటే నిదానంగా ముందుకు పోవచ్చు. లేకపోతే ఒక్క ఫర్లాంగు కూడా పోకూడదు. నీళ్ళు కదలకపోతే సిలిండర్ హెడ్ చుట్టూ ఆవిరి బుడగలు కడతాయి, లోహం వేడిని వదిలించుకోలేక వంకరపోతుంది, హెడ్ గాస్కెట్ కాలిపోతుంది.

పాత బండికి డైనమో తీసేసి ఆల్టర్నేటర్ బిగించుకున్నవాళ్ళు ఇప్పుడు చాలామంది. అమెరికాలో 1960 నాటి క్రైస్లర్ వారి వాలియంట్‌తో ఆల్టర్నేటర్ మామూలు కార్లలోకి వచ్చింది. అంబాసిడర్‌కు దాయాది వరసయ్యే ఇంజన్ ఉన్న ఎంజీబీ అనే కారు కూడా 1967 చివర్లో దానికి మారింది. తక్కువ వేగంలోనే మంచి కరెంటు ఇస్తుంది, గేటు దగ్గర దీపం మినుకుమనడం పోతుంది. అయితే ఇక్కడ ఆ ఎర్ర బల్బు హోదా మారిపోతుంది. డైనమోలోని ఇనుప ధ్రువాల్లో ఎప్పుడూ కాస్త అయస్కాంతత్వం మిగిలి ఉంటుంది, దాంతో అది తనంతట తానే మేలుకుంటుంది. బల్బు మాడినా చార్జింగ్ ఆగదు. ఆల్టర్నేటర్‌లో మిగిలే అయస్కాంతత్వం చాలా తక్కువ, పైగా అది పుట్టించిన కొద్దిపాటి వోల్టేజిని డయోడ్లు దాటనివ్వవు. దాని రోటర్‌కు మొదటి చెంచాడు కరెంటు బయటి నుంచి అందాలి. ఆ కరెంటు వచ్చేది ఈ బల్బులో నుంచే. 2.2 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర ఆంపియర్‌లో అయిదో వంతు కంటే కాస్త తక్కువ పారనిస్తుంది, సరిగ్గా అంతే కావాలి. బల్బు మాడితే ఆల్టర్నేటర్ ఇంజన్‌ను గట్టిగా రేస్ చేసేదాకా నిద్ర లేవకపోవచ్చు, అసలు లేవకపోనూవచ్చు.

అందుకే డ్యాష్‌బోర్డు బల్బులన్నీ మెరుస్తాయని ఎల్ఈడీలు పెట్టించుకునేవాళ్ళను చూస్తే నాకు బెంగ. ఎల్ఈడీ చాలా కొద్ది కరెంటు తీసుకుంటుంది, అదీ ఒకే దిశలో. స్పీడోమీటర్ వెలుతురుకు పెట్టుకోండి, అభ్యంతరం లేదు. చార్జింగ్ దీపం చోట మాత్రం పాత ఫిలమెంట్ బల్బునే ఉండనివ్వండి. ఎల్ఈడీ పెడితే ఆల్టర్నేటర్‌కు మేలుకొలుపు అందదు. డైనమో బండిలోనైతే ఇందాక చెప్పుకున్న ఆ తలకిందుల మొగ్గును అది ఎన్నటికీ చూపించలేదు.

ఆయిల్ దీపం దగ్గరికి మళ్ళీ వద్దాం, దాని వెనక ఉన్న శాస్త్రం ఇంకా అందమైనది. 1883లో ఇంగ్లండులో బ్యూచాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల రాపిడి మీద ప్రయోగాలు చేస్తున్నాడు. ఆయిల్ పోయడానికని బేరింగు నెత్తిన ఒక రంధ్రం వేశాడు. ఇరుసు తిరుగుతుంటే ఆ రంధ్రంలో నుంచి ఆయిల్ పైకి ఉబికింది. బెండు బిరడా పెడితే ఎగిరిపోయింది. చెక్క బిరడా కొడితే అదీ బయటికి జరిగిపోయింది. ప్రెషర్ గేజు బిగించి చూస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటింది. బేరింగు మీద ఉన్న సగటు బరువు అందులో సగమే! అంటే ఇరుసు లోహం మీద ఆనడం లేదు, ఆయిల్ పొర మీద తేలుతోంది. తిరిగే ఇరుసు ఆయిల్‌ను తనతోపాటు ఇరుకు సందులోకి ఈడ్చుకుపోయి, అక్కడ చీలమేకులా బిగించి ఆ ఒత్తిడిని పుట్టిస్తోంది. మూడేళ్ళ తర్వాత, 1886లో, ఆస్బర్న్ రేనాల్డ్స్ దానికి గణితం రాశాడు.

మన కారు ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ కూడా ఇలాగే తేలుతుంది. అన్నిటికంటే ఇరుకైన చోట ఆ పొర మందం కొన్ని మైక్రాన్లు, తల వెంట్రుకలో పదో వంతు. ఆ భారం మోసేది పంపు ఒత్తిడి కాదు, తిరగడంలోనే పుట్టే ఒత్తిడి. పంపు పని ఆ సందుకు ఎడతెగకుండా ఆయిల్ అందించడం. సందు అంచుల నుంచి ఆయిల్ నిరంతరం కారిపోతూ ఉంటుంది, ఎంత కారుతుందో అంత వెనకనుంచి రావాలి. ఆయిల్ దీపం చెప్పేది ఈ సరఫరా గురించే.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకుంటే ముసలి ఇంజన్ల సగం వ్యవహారం అర్థమవుతుంది. సందు రెట్టింపైతే కారే ఆయిల్ రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. సందు వెడల్పు ఘనాన్ని బట్టి పారకం పెరుగుతుంది. దీనికి తోడు వేడి. 20డబ్ల్యూ-50 రకం ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంలో 100 డిగ్రీలకు చేరేసరికి సుమారు తొమ్మిదో వంతే మిగులుతుంది. కాబట్టి లక్ష కిలోమీటర్లు తిరిగిన ఇంజన్ మే నెల మధ్యాహ్నం విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా ఆగకుండా పోయి, టోల్‌గేట్ దగ్గర న్యూట్రల్‌లో నిలబడ్డప్పుడు ఆయిల్ దీపం సన్నగా మినుకుమందంటే కారణం వింతేమీ కాదు. ఆయిల్ నీళ్ళలా పల్చబడింది, బేరింగులు అరిగి సందులు పెరిగాయి, పంపు నెమ్మదిగా తిరుగుతోంది. కాస్త తొక్కగానే ఆరిపోతే ఆ రోజుకు ఇల్లు చేరొచ్చు. కానీ ఇంజన్ విప్పే రోజు దగ్గరపడిందని అది చెప్పినట్టే. చిక్కటి ఆయిల్ పోసి దీపాన్ని ఆర్పడం జ్వరం తగ్గేదాకా థర్మామీటర్ దాచిపెట్టడం లాంటిది.

నడుస్తుండగా, వేగంలో ఉండగా వెలిగితే మాత్రం రెండో మాట లేదు. క్లచ్ తొక్కి, ఇంజన్ ఆపేసి, బండి దొర్లుతున్న ఊపులోనే పక్కకు చేరాలి. సరఫరా ఆగిన బేరింగు అరిగి పోదు, కరిగి పోతుంది. లోపల పూసిన మెత్తటి లోహం క్షణాల్లో జారిపోయి ఇంజన్ పట్టేస్తుంది. మలుపులో మాత్రమే ఒక్క మెరుపు మెరిసి పోయిందా, అది ఇంకో కబురు. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో మట్టం తగ్గి, బండి ఒరిగినప్పుడు పంపు నోటికి ఆయిల్ బదులు గాలి అందుతోంది. ఆపి, ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ తీసి చూడాలి.

ఈ కడ్డీ సంగతి గట్టిగా చెప్పాలి. ఆ దీపానికి ఒత్తిడి తెలుసు, మట్టం తెలియదు. నాలుగు లీటర్లు ఉండాల్సిన చోట రెండే ఉన్నా పంపు నోరు మునిగి ఉన్నంతసేపు ఒత్తిడి వస్తూనే ఉంటుంది, దీపం ఆరే ఉంటుంది. అది వెలిగేసరికి పరిస్థితి చేయి దాటే ఉంటుంది. దీని మీద బొమ్మ ఆయిల్ డబ్బాది కావడంతో "ఆయిల్ తగ్గితే వెలుగుతుందిలే" అని నమ్మి ఇంజన్లు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. కడ్డీ తుడిచి చూడ్డానికి ఏ దీపమూ ప్రత్యామ్నాయం కాదు.

నెలల తరబడి షెడ్డులో ఉంచి, పండక్కో ర్యాలీకో బయటికి తీసే క్లాసిక్ కార్లకు ఇంకో ఉపాయం. అన్నాళ్ళూ ఆయిల్ అంతా కిందికి దిగి బేరింగులు ఎండిపోయి ఉంటాయి. ఇగ్నిషన్ కాయిల్ నుంచి పాయింట్లకు పోయే సన్న వైరు తీసేసి, ఆయిల్ దీపం ఆరేదాకా విడతలు విడతలుగా సెల్ఫ్ కొట్టాలి. పేలుళ్ళ బరువు లేకుండా ఇంజన్ నిదానంగా తిరిగి, ఆయిల్ అన్ని మూలలకూ చేరుతుంది. దీపం ఆరాక వైరు పెట్టి స్టార్ట్ చేసుకోవచ్చు. హెచ్చరించడానికి పెట్టిన దీపం ఇక్కడ కొలబద్దగా పనికొస్తుంది.

గేజు మంచిదా దీపం మంచిదా అన్న వాదన పాతదే. 1930లలో అమెరికాలో ముళ్ళ గేజులు తీసేసి ఆయిల్‌కూ చార్జింగ్‌కూ దీపాలు పెట్టిన తొలి కార్లలో హడ్సన్ ఒకటి. అక్కడి కారు ప్రియులు వాటికి ఇడియట్ లైట్లని పేరు పెట్టారు. ఆ పేరు అన్యాయమని నా నమ్మకం. ముల్లు నెమ్మదిగా దిగజారుతున్న సంగతిని ముందుగా చూపిస్తుంది, చూసే అలవాటు ఉన్నవాళ్ళకు. రాత్రిపూట ఎదుటి లారీ వెలుతురులో కళ్ళు చికిలించి నడిపేవాడికి ముల్లు రెండు గీతలు దిగిందని తెలియదు, చీకట్లో పుట్టిన ఎర్ర చుక్క తెలుస్తుంది. రెండూ ఉంటే అదృష్టం. ఒక్కటే ఎంచుకోమంటే ఆయిల్‌కు నేను దీపమే కోరుకుంటాను, టెంపరేచర్‌కు మాత్రం ముల్లే. నీళ్ళ వేడి ఎక్కే తీరు చూస్తూ ఉంటే ఘాట్ మీద ఎక్కడ ఆగాలో ముందే తెలుస్తుంది. ఆ ముల్లునూ గుడ్డిగా నమ్మకూడదు. గొట్టం పగిలి నీళ్ళన్నీ పోతే వేడిని కొలిచే కొస గాల్లో ఉండిపోతుంది, ఇంజన్ కాలిపోతుంటే ముల్లు కిందికి దిగవచ్చు. వేడి మీదున్న ముల్లు ఉన్నట్టుండి చల్లబడితే సంతోషించకుండా ఆగాలి.

మిగతావి చప్పున చెప్పుకోవచ్చు. నీలం దీపం హెడ్‌లైట్ హైబీమ్‌లో ఉందని చెప్పడానికి, అంటే ఎదుటివాడి కళ్ళ కోసం. ఇండికేటర్ దీపంతోపాటు వచ్చే టిక్ టిక్ చప్పుడు కూడా ఒక హెచ్చరికే. పాత ఫ్లాషర్ డబ్బాలో కరెంటుకు వేడెక్కి సాగే లోహం ఉంటుంది, 21 వాట్ల బల్బులు రెండు లాగే కరెంటుకు దాని లయ సరిపోయి ఉంటుంది. ఒక బల్బు మాడితే లయ మారుతుంది. చెవి పెడితే బండి దిగకుండానే తెలుస్తుంది. ఇండికేటర్ వేసినప్పుడు సంబంధం లేని ఇంకో దీపం మసగ్గా మిణుకుమంటే బల్బుల్ని అనుమానించకండి, ఎక్కడో ఎర్త్ తుప్పుపట్టింది. తిరిగి పోయే దారి మూసుకుపోయిన కరెంటు పొరుగింటి బల్బులో నుంచి దారి వెతుక్కుంటోంది. ఎర్త్ స్క్రూ విప్పి, గరుకు కాగితంతో లోహం మెరిసేలా రుద్ది మళ్ళీ బిగిస్తే చాలా దెయ్యాలు దిగిపోతాయి.

అసలు దీపమే లేని ప్రమాదం గురించి ఎక్కువ భయపడాలి. ఆ తరం బండ్లలో చాలావాటికి బ్రేకు ఆయిల్ నాలుగు చక్రాలకూ ఒకే దారిలో పోతుంది, ఒక్క చోట కారితే నాలుగూ పోతాయి. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లకు రెండు విడి దారులు, ఒకటి పోతే చెప్పే దీపం తప్పనిసరి చేశారు. అంతకుముందు తరం బండికి ఆ దీపం ఉండదు. పెడల్ కాలి కింద ఎంత లోతుకు దిగుతోందన్నదే అక్కడ హెచ్చరిక. మాస్టర్ సిలిండర్ మూత తిప్పి చూడటం, చక్రాల లోపలివైపు తడి ఉందేమో వంగి చూడటం యజమాని పనే.

ఇంతకీ తాళం తిప్పినప్పుడు ఒక దీపం రాకపోతే? ఆయిల్‌ది రాకపోతే స్విచ్ మీది వైరు లాగి ఇంజన్ ఇనుముకు తాకించాలి. వెలిగితే తప్పు స్విచ్‌ది, వెలగకపోతే బల్బుదో వైరుదో. చార్జింగ్‌ది రాకపోతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే దానికి రెండు కారణాలున్నాయి. మొదటిది మాడిన బల్బు, పెద్ద ప్రమాదం లేదు. రెండోది, కటౌట్ కాంటాక్టులు నిప్పురవ్వలకు కరిగి అతుక్కుపోవడం. తలుపు మూసినది మూసినట్టే ఉండిపోయింది, దీపం రెండు కొసలూ ఒకటైపోయాయి, తేడా లేదు కాబట్టి వెలుగు లేదు. ఆ సమయంలో ఆగి ఉన్న డైనమోలోకి బ్యాటరీ కరెంటు ధారగా పోతూ ఉంటుంది, తాళం తీసేసినా ఆగదు. వైర్లు వేడెక్కి తొడుగు కరుగుతుంది.

పెదనాన్న కారు గ్లౌవ్ బాక్సులో ఒక అగ్గిపెట్టె ఉండేది. అందులో దూదిలో చుట్టిన చిన్న బల్బులు రెండు. "రాలేదు" అని మేం చెబితే ఆయన సెల్ఫ్ కొట్టేవారు కాదు. పాత బల్బు తీసి కొత్తది పెట్టేవారు. అదీ వెలగకపోతే తాళం జేబులో వేసుకుని, బానెట్ ఎత్తి, అన్నిటికంటే ముందు బ్యాటరీ వైరు విప్పేవారు.